కొత్తవాళ్లకు వేరే గది కట్టాలా? ఓపెన్ సోర్స్ లోకాన్ని వదలని ప్రశ్న

2024 ఫిబ్రవరిలో ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టును నడిపే వాలంటీర్లకు వింత అనుభవం ఎదురైంది. జావాస్క్రిప్ట్‌తో వెబ్‌సైట్ల వెనుక భాగాన్ని కట్టేవాళ్లలో ఎక్స్‌ప్రెస్ పేరు వినని వాళ్లు దాదాపు ఉండరు. దాని కోడ్ గిట్‌హబ్‌లో అందరికీ కనిపిస్తుంది. అందులో మార్పు సూచించాలనుకున్న వాళ్లు ఎవరైనా ‘పుల్ రిక్వెస్ట్’ పంపవచ్చు. ఫలానా చోట ఇలా మార్చాను, బాగుంటే కలుపుకోండి అని అర్జీ పెట్టుకోవడమన్నమాట. ఆ రోజుల్లో వరసపెట్టి వచ్చిన అర్జీల్లో కోడ్ మార్పు అంటూ ఏమీ లేదు. ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలులో ఒకరు తమ పేరు చేర్చారు, మరొకరు అర్థం లేని ఒక లైను చేర్చారు. ఒకటి మూసేలోపే ఇంకొకటి వచ్చేది.

ఇది ఎవరో పనిగట్టుకుని చేసిన దాడి కాదు. ఒక హిందీ యూట్యూబ్ పాఠంలో గిట్‌హబ్ వాడకం చెబుతూ ఎక్స్‌ప్రెస్‌ను ఉదాహరణగా తెర మీద చూపించారు. పాఠం చూసిన విద్యార్థులు అక్కడ చూసింది చూసినట్టు చేశారు. తమ అర్జీ అవతల ఒక మనిషి ఇన్‌బాక్స్‌లో పడుతుందని, ఆ మనిషి జీతం లేకుండా సాయంత్రం పూట కూర్చుని దాన్ని చదువుతాడని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అంతకు మూడేళ్ల పైచిలుకు ముందు కూడా ఇదే జరిగింది. అక్టోబర్ నెలలో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపినవారికి అప్పట్లో టీ షర్టు ఇచ్చిన ‘హ్యాక్టోబర్‌ఫెస్ట్’ను డిజిటల్ ఓషన్ సంస్థ 2014 నుంచి నడుపుతోంది. 2020లో ఆ టీ షర్టు ఎంత తేలిగ్గా సంపాదించవచ్చో చూపే ఒక భారతీయ వీడియో పాఠం జనంలోకి వెళ్లింది. అక్టోబర్ మొదటి రోజునే ప్రపంచంలోని ఎన్నో ప్రాజెక్టుల మీద పనికిరాని మార్పులు కుప్పలుగా పడ్డాయి. మూడు రోజులు తిరక్కుండానే నిర్వాహకులు నియమం మార్చారు. తాము ఈ కార్యక్రమంలో ఉన్నామని స్వయంగా ప్రకటించిన ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వస్తాయన్నారు.

రెండు సందర్భాల్లోనూ విసిగిపోయిన డెవలపర్ల నోట ఒకే మాట వినిపించింది: కొత్తవాళ్లను వేరే చోట కూర్చోబెట్టండి. సాఫ్ట్‌వేర్ సముదాయాల్లో ఈ మాట కనీసం ముప్ఫై ఏళ్ల పాతది. ఇప్పుడు దీనికి బరువు పెరగడానికి కారణం భారతదేశమే. గిట్‌హబ్ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం అక్కడ ఖాతా ఉన్న భారతీయులు 1.32 కోట్లు. అమెరికా తర్వాతి స్థానం అది. పెరిగే వేగంలో అమెరికా కంటే ముందుంది. కాబట్టి తలుపు దగ్గర నిలబడిన ‘కొత్తవాళ్లు’ ఎవరని అడిగితే, ఎక్కువ సార్లు వచ్చే జవాబు హైదరాబాద్‌లోనో పుణేలోనో ఢాకాలోనో కొలంబోలోనో చదువుతున్న ఇరవై ఏళ్ల కుర్రాడో అమ్మాయో.

‘కొత్తవాళ్లు’ అంటే ఎవరు?

చర్చ చాలాసార్లు ఇక్కడే తప్పుదోవ పడుతుంది. ‘బిగినర్’ అనే ఒక్క మాట కింద మూడు రకాల మనుషులు దాక్కుని ఉంటారు.

డేటాబేస్ ఇన్‌స్టాల్ చేసుకున్నాడు, అది తెరుచుకోవడం లేదు, రేపు పొద్దున ఆఫీసులో చూపించాలి. ఇతను వాడకందారు. తన రంగంలో పాతికేళ్ల అనుభవం ఉన్న అకౌంటెంటో డాక్టరో కూడా కావచ్చు. సాఫ్ట్‌వేర్ ఎలా తయారవుతుందో అతనికి అక్కర్లేదు. రెండో మనిషి ప్రోగ్రామింగ్ నేర్చుకుంటోంది, లూప్ ఎందుకు ఆగడం లేదో అర్థం కావడం లేదు. ఆమెకు కావాల్సింది టీచర్. మూడో మనిషికి కోడ్ రాయడం బాగానే వచ్చు, కాకపోతే ఈ ప్రాజెక్టుకు కొత్త. ఏ ఫైలు ఎక్కడుందో, ఎవరిని అడగాలో, మార్పును ఏ రూపంలో పంపాలో తెలియదు. నాలుగేళ్ల తర్వాత ఈ ప్రాజెక్టు బతికుంటే, దాన్ని మోసేది బహుశా ఈ మూడో మనిషే.

ముగ్గురినీ ఒకే ‘బిగినర్ల గది’లోకి తోస్తే మొదటివాడికి ఆలస్యమవుతుంది, రెండో ఆమెకు పర్వాలేదు, మూడోవాడికి మాత్రం తీరని నష్టం. అతను పనిచేసేవాళ్ల పక్కన కూర్చోవాల్సినవాడు. అతన్ని లూపుల గురించి అడిగేవాళ్ల మధ్య కూర్చోబెట్టారు.

ఎక్స్‌ప్రెస్‌కు పేర్లు పంపినవాళ్లు ఈ ముగ్గురిలో ఎవరూ కారు, అది వేరే సంగతి. వాళ్లకు ఏ ప్రశ్నా లేదు. రెజ్యూమేలో ఒక లైను కావాలి. క్యాంపస్ నియామకాల్లో ‘ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూషన్’కు మార్కులు పడతాయన్న ప్రచారం వాళ్లను అక్కడికి పంపింది. ఎన్ని గదులు కట్టినా ఆ బాధ తీరదు.

గోడలు ఎలా లేచాయి

ఇంటర్నెట్ తొలినాళ్లలో యూజ్‌నెట్ అనే చర్చావేదికల సముదాయం ఉండేది. ఎక్కువగా విశ్వవిద్యాలయాల వాళ్లే వాడేవారు. ఏటా సెప్టెంబర్‌లో అమెరికా కాలేజీల్లో కొత్త విద్యార్థులు చేరి, అడిగిన ప్రశ్నలే అడిగి, పెద్దల చేత చీవాట్లు తిని, ఒకట్రెండు నెలల్లో పద్ధతులు నేర్చుకుని కలిసిపోయేవారు. 1993–94లో అమెరికా ఆన్‌లైన్ వంటి వాణిజ్య సంస్థలు తమ చందాదారులందరికీ యూజ్‌నెట్ తలుపు తెరిచాయి. ఆ తర్వాత ఏడాది పొడవునా కొత్తవాళ్ల రాకే. పాతకాపులు దానికి ‘అంతం లేని సెప్టెంబర్’ అని పేరు పెట్టుకున్నారు.

ఆ పేరులో ఎగతాళి ఉంది. కానీ గమనించాల్సిన లెక్క కూడా ఉంది. కొత్తవాళ్లు రావడం అంతకుముందూ ఉన్నదే. వంద మంది పాతవాళ్లున్న చోటికి పది మంది కొత్తవాళ్లొస్తే ఆ పదిమందీ చూసి నేర్చుకుంటారు. వంద మంది దగ్గరికి వెయ్యి మంది వస్తే, ఆ వెయ్యి మందీ ఒకరినొకరు చూసి నేర్చుకుంటారు. యూట్యూబ్ పాఠం చూసి రీడ్‌మీ మార్చిన వాళ్లకు జరిగింది అక్షరాలా ఇదే. అప్పటికే మూసేయకుండా మిగిలి ఉన్న పక్కవాడి అర్జీయే వాళ్లకు నమూనా.

ఆ అనుభవంతో ప్రాజెక్టులు చర్చలను విడదీయడం మొదలుపెట్టాయి. డెబియన్‌లో వాడకందారులకు ఒక మెయిలింగ్ లిస్టు, డెవలపర్లకు మరొకటి, ప్యాకేజీలు తయారుచేయడం నేర్చుకునేవారికి ‘మెంటర్స్’ పేరుతో ఇంకొకటి వచ్చాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు ‘నోవిస్’, ‘జనరల్’, ‘హ్యాకర్స్’ అని మూడు మెట్లున్నాయి. పైథాన్‌లో నేర్చుకునేవాళ్లకు ‘ట్యూటర్’, అందరికీ సాధారణ లిస్టు, భాషను తయారుచేసేవాళ్లకు ‘పైథాన్-దేవ్’ ఉండేవి. 2006లో ‘పైథాన్-ఐడియాస్’ వచ్చింది. భాషలో ఫలానా సౌకర్యం పెడితే ఎలా ఉంటుందన్న ఊహాగానాలు పైథాన్-దేవ్‌ను ముంచెత్తకుండా పక్కకు మళ్లించిన కాలువ అది. చివరి ఉదాహరణ ఆసక్తికరమైనది. అక్కడ విభజన కొత్తవాళ్లకూ పాతవాళ్లకూ మధ్య జరగలేదు. ఇంకా పండని ఆలోచనను, పని మొదలైన ఆలోచనను విడదీశారు. అనుభవజ్ఞుడు కూడా పచ్చి ఆలోచనతో వస్తే ఐడియాస్‌కే వెళ్లాలి.

విడదీయాలనే వాదన వెనుక ఉన్నది అహంకారమే అనుకుంటే పొరపాటు. నదియా ఎగ్బాల్ 2020లో రాసిన ‘వర్కింగ్ ఇన్ పబ్లిక్’ పుస్తకం ఓపెన్ సోర్స్‌లో అన్నిటికంటే అరుదైన వనరు మెయింటెయినర్ల శ్రద్ధేనని వాదిస్తుంది. కోడ్‌ను ఎంతమంది కాపీ చేసుకున్నా తరగదు. దాన్ని చూసుకునే మనిషి సాయంత్రం మాత్రం ఒక్కసారే ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎక్కడికి దారితీస్తుందో 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం చూపించింది. లినక్స్ యంత్రాల్లో దాదాపు ప్రతిచోటా ఉండే ఒక చిన్న కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి ఒక్క మనిషే చూసుకుంటూ వచ్చాడు. మార్పులు ఆలస్యమవుతున్నాయని లిస్టులో కొందరు నిష్ఠూరాలాడారు. వాళ్లు అసలు మనుషులేనా అన్న అనుమానం తర్వాత వచ్చింది. మానసికంగా అలసిపోయానని, ఇది జీతం లేని అభిరుచి పని అని ఆయన చెప్పుకున్నారు. అదే సమయంలో ‘జియా టాన్’ పేరుతో ఓపిగ్గా సాయం చేస్తూ వచ్చిన ఒక కొత్త వ్యక్తికి క్రమంగా అధికారం దక్కింది. చివరికి ఆ పేరుతోనే దొంగ తలుపు అమర్చిన విడుదల బయటికొచ్చింది. లాగిన్ అయ్యేటప్పుడు అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ దాన్ని పట్టుకున్నారు. ఆయన పోస్ట్‌గ్రెస్ డెవలపర్ కావడం యాదృచ్ఛికం.

వాడకందారుల ఒత్తిడి, డెవలపర్ పని ఒకే చోట, ఒకే మనిషి మీద పడితే ఏమవుతుందన్నదానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. మరోపక్క, సాయం చేస్తానని వచ్చిన కొత్తవారిని తూచి చూడటానికి ఒక్కరి కళ్లు చాలవన్న సంగతీ ఇందులోనే ఉంది.

తొంభై ఎనిమిది శాతం

మరి వేరే గది కడితే సమస్య తీరినట్టేనా? దీనికి మంచి జవాబు 2003లో వచ్చిన ఒక పరిశోధనలో దొరుకుతుంది. కరీం లఖానీ, ఎరిక్ వాన్ హిప్పెల్ అనే ఇద్దరు పరిశోధకులు అపాచీ వెబ్ సర్వర్ వాడేవాళ్లకు యూజ్‌నెట్‌లో అందే ఉచిత సాయాన్ని అధ్యయనం చేశారు. ముక్కూమొహం తెలియనివాళ్ల ప్రశ్నలకు, పైసా తీసుకోకుండా, అంత మంది ఎందుకు జవాబులిస్తున్నారన్నది వాళ్లకు కలిగిన సందేహం.

తేలిందేమిటంటే, జవాబులిచ్చేవాళ్లు అక్కడికి వచ్చేది ప్రధానంగా జవాబులివ్వడానికి కాదు. ఇతరుల ప్రశ్నలు, జవాబులు చదివి తాము నేర్చుకోవడానికి. వాళ్లు వెచ్చించే శ్రమలో 98 శాతం అలా చదవడానికే పోతుంది, దాని ఫలితం వాళ్లకే దక్కుతుంది. చదువుతూ ఉండగా తమకు ముందే జవాబు తెలిసిన ప్రశ్న ఒకటి తగిలితే రెండు నిమిషాలు వెచ్చించి రాసేస్తారు. సాయం అక్కడ పుట్టే ఉపఉత్పత్తి.

ఈ ఒక్క విషయం అర్థమైతే రెండు వైఫల్యాలూ అర్థమవుతాయి. కొత్తవాళ్లకు పూర్తిగా వేరే గది కట్టి అందులో మొదటి పాఠం ప్రశ్నలే ఉంచితే, అనుభవజ్ఞులకు అక్కడ నేర్చుకోవడానికేమీ ఉండదు. సేవాభావం ఉన్న నలుగురైదుగురు తప్ప మిగతావాళ్లు రారు. ఆ నలుగురైదుగురు ఏడాదికో రెండేళ్లకో అలసిపోతారు. ఆ తర్వాత తెలియనివాళ్లు తెలియనివాళ్లకు చెప్పుకోవడమే మిగులుతుంది. తప్పుడు జవాబును తప్పని చెప్పేవాళ్లుండరు. అదే అందరినీ ఒకే గదిలో ఉంచి, ఆ గది మొదటి పాఠం ప్రశ్నలతో నిండిపోతే? అప్పుడూ అనుభవజ్ఞులకు నేర్చుకోవడానికేమీ దొరకదు. చెప్పాపెట్టకుండా ఎక్కడికో వెళ్లిపోతారు. సాధారణంగా ఆహ్వానం ఉంటే తప్ప ప్రవేశం లేని ఏ చాట్ గ్రూపులోకో. బహిరంగంగా జరగాల్సిన నిర్ణయాలు అక్కడ జరగడం మొదలవుతుంది. ప్రాజెక్టుకు నిజమైన ప్రమాదం అక్కడుంది. అధికారికంగా గోడ కట్టనిచోట అనధికారిక గోడ లేస్తుంది, దానికి కిటికీ కూడా ఉండదు.

కిటికీ అన్నమాట ఊరికే వాడింది కాదు. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో ‘సిచ్యుయేటెడ్ లెర్నింగ్’ అనే చిన్న పుస్తకం రాశారు. పనివాళ్ల మధ్య ఉంటూ పని ఎలా నేర్చుకుంటారన్నది అందులో విషయం. కొన్ని వృత్తులను పోల్చి చూశారు. లైబీరియాలోని దర్జీ దుకాణాల్లో పని నేర్చుకునే కుర్రాడు మొదట కత్తెర పట్టడు. చివరి పనులతో, అంటే గుండీలు, అంచులతో మొదలుపెడతాడు. తెలుగు ఊళ్లలో దర్జీ దగ్గర చేరిన పిల్లవాడు కాజాలతో మొదలుపెట్టినట్టే. పని చిన్నదే. పాడైనా బట్టకు పెద్ద నష్టం లేదు. కానీ వాడు కూర్చున్నది అదే దుకాణంలో. చొక్కా మొత్తం ఎలా ఉంటుందో వాడి చేతుల మీదుగానే వెళుతుంది. గురువు బట్ట ఎలా కోస్తున్నాడో, కొలత తప్పినప్పుడు ఎలా సర్దుతున్నాడో రోజూ కళ్లముందే ఉంటుంది.

అదే పుస్తకంలో అమెరికా సూపర్‌మార్కెట్లలో మాంసం కోత నేర్చుకునేవాళ్ల ఉదాహరణ ఉంది. అక్కడ కొత్తవాళ్లను మాంసం ప్యాక్ చేసే యంత్రం దగ్గర నిలబెట్టారు. ఆ యంత్రం కోత బల్లలకు దూరంగా ఉంది. నెలల తరబడి పనిచేసినా అనుభవజ్ఞుల చేతులు ఎలా కదులుతున్నాయో వాళ్లకు కనిపించలేదు. పేరుకు శిక్షణే గానీ వాళ్లు నేర్చుకున్నది ప్యాకింగ్. వాళ్లను ఎవరూ అవమానించలేదు, తరిమేయలేదు. యంత్రాన్ని అక్కడ పెట్టడమే సరిపోయింది.

సాఫ్ట్‌వేర్ సముదాయం తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్న కూడా ఇదే. మన గుండీలు కుట్టేవాళ్లకు కత్తెర బల్ల కనిపిస్తోందా?

కాజా పని ఎక్కడ పెట్టాలి

లినక్స్ కెర్నెల్ దీనికి ఒక మోటు పరిష్కారం కనిపెట్టింది. కెర్నెల్ ప్రధాన మెయిలింగ్ లిస్టు కొత్తవాళ్ల పట్ల మృదువుగా ఉంటుందని దానికి పేరేమీ లేదు. 2018 సెప్టెంబర్‌లో లైనస్ టోర్వాల్డ్సే తన మాటతీరుకు క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నారు. కెర్నెల్ గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లకు ‘కెర్నెల్ న్యూబీస్’ పేరుతో వేరే చోటు ఎప్పటినుంచో ఉంది. అయితే అసలు సంగతి ఆ గదిలో లేదు. 2008లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ కెర్నెల్ కోడ్ లోపలే ‘స్టేజింగ్’ అనే ఒక విభాగం మొదలుపెట్టారు. నాణ్యత ఇంకా సరిపోని డ్రైవర్లను అందులో ఉంచుతారు. లైన్ల మధ్య ఖాళీలు సరిచేయడం, పేర్లు మార్చడం వంటి పనులు కెర్నెల్‌లో మరోచోట చేసి పంపితే విసుక్కుంటారు. స్టేజింగ్‌లో మాత్రం స్వాగతిస్తారు. కొత్తవాడు అక్కడ పంపే మార్పు చిన్నదే అయినా, దాన్ని పంపే పద్ధతి, సమీక్షించే మనుషులు, చేరే కోడ్ అన్నీ నిజమైనవే. కాజా పని, అదే దుకాణంలో. మొజిల్లాలో ‘గుడ్ ఫస్ట్ బగ్’ అని, గిట్‌హబ్‌లో ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అని పెట్టే గుర్తుల వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన. కాకపోతే గుర్తు పెట్టడం తేలిక, దాని పక్కన ఓపికున్న మనిషిని పెట్టడం కష్టం. ఆ మనిషి లేని గుర్తులు గిట్‌హబ్‌లో కొల్లలు.

పోస్ట్‌గ్రెస్ పద్ధతి ఇంకా సూక్ష్మమైనది. మూడు లిస్టులున్నా అన్నిటి పాత ఉత్తరాలూ ఎవరైనా చదవవచ్చు. డెవలపర్లు ఒక మార్పు గురించి నెలల తరబడి ఎలా వాదించుకున్నారో కొత్తవాడు అక్షరం పోకుండా చూడవచ్చు. అంతకుమించి, అక్కడ ‘కమిట్‌ఫెస్ట్’ పేరుతో నియమిత కాలానికోసారి పెండింగ్ మార్పులన్నిటినీ సమీక్షకు పెడతారు. నీ మార్పును ఎవరో సమీక్షించాలంటే, దాదాపు అంతే కష్టమైన ఇంకొకరి మార్పును నువ్వు సమీక్షించాలని ఆశిస్తారు. సమీక్షకు నిపుణుడే కానక్కర్లేదు. ఇచ్చిన కోడ్ కలుస్తోందా, పరీక్షలు నెగ్గుతున్నాయా, వివరణ అర్థమవుతోందా అని చూసి చెప్పినా పనికొస్తుంది. కొత్తవాడు అడిగేవాడిగానే ఉండిపోకుండా మొదటి నెలలోనే ఏదో ఒకటి ఇచ్చేవాడవుతాడు. పాతవాడి బరువు కొంచెం తగ్గుతుంది.

పైథాన్ ఇంకో తరహా ప్రయోగం చేసింది. కోర్ డెవలపర్లు కావాలనుకునేవాళ్ల కోసం పెట్టిన ‘కోర్ మెంటర్‌షిప్’ లిస్టు పాత ఉత్తరాలు బయటికి కనిపించవు. తెలివితక్కువ ప్రశ్న అడిగానేమో, పదేళ్ల తర్వాత ఉద్యోగమిచ్చేవాడు గూగుల్‌లో చూస్తాడేమో అన్న భయం అక్కడ ఉండదు. తర్వాత, 2022లో పైథాన్-దేవ్ చర్చలు ఒకే వేదికకు మారాయి. అందులో సాయం, ఆలోచనలు, కోర్ అభివృద్ధి అనే విభాగాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకే లాగిన్. ఈమెయిల్‌కు అలవాటుపడిన కొందరు పాతవాళ్లకు ఈ మార్పు రుచించలేదు. కానీ ఒక పాత గాయం దీనితో మానింది. మెయిలింగ్ లిస్టుల కాలంలో ప్రశ్న తప్పుచోట పడితే ‘ఇది ఆ లిస్టు కాదు’ అని వేలమంది ముందు చీవాట్లు పడేవి. ఇప్పుడు మోడరేటర్ చడీచప్పుడు లేకుండా ఆ ప్రశ్నను సరైన విభాగంలోకి జరుపుతాడు. అడిగినవాడి మొహం ఎర్రబడదు. రస్ట్ భాష సముదాయం వాడకందారులకు ఒక వేదిక, భాష తయారీకి ఇంకో వేదిక నడుపుతోంది. రెండూ అందరికీ తెరిచే ఉంటాయి.

గది గోడ మందం సంగతి పక్కనపెట్టి చూస్తే వీటిలో పనిచేసేవన్నీ మనిషిని బట్టి కాక పనిని బట్టి విభజించినవే. ‘నువ్వు కొత్త కాబట్టి అక్కడికి పో’ అనడం వేరు. ‘ఇది ఇన్‌స్టాలేషన్ ప్రశ్న కాబట్టి అక్కడ’ అనడం వేరు. రెండో మాట టోర్వాల్డ్స్‌కైనా చెప్పవచ్చు.

‘సర్, ప్లీజ్ గైడ్ మీ’

దక్షిణాసియా నుంచి వచ్చే కొత్తవాళ్లకు దీనిమీద ఇంకో పొర ఉంది. గూగుల్ 2005లో ప్రారంభించిన ‘సమ్మర్ ఆఫ్ కోడ్’లో విద్యార్థులు వేతనం తీసుకుని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేస్తారు. తొలి దశాబ్దంలో అందులోకి అత్యధిక విద్యార్థులను పంపిన విశ్వవిద్యాలయం అమెరికాలోది కాదు, శ్రీలంకలోని మొరటువా. భారతీయ ఇంజనీరింగ్ కాలేజీలు కూడా ఏటా పెద్ద సంఖ్యలో పంపుతున్నాయి. దరఖాస్తుల కాలం వచ్చిందంటే మెంటర్లుగా ఉండే డెవలపర్లకు ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలయ్యే వ్యక్తిగత ఈమెయిళ్లు వెల్లువెత్తుతాయి. నలుగురిలో అడగండి, విడిగా రాయకండి అని ప్రాజెక్టులు ఎన్నిసార్లు చెప్పినా తీరు మారదు.

దీన్ని మర్యాద తెలియకపోవడం అనుకుంటారు పాశ్చాత్య డెవలపర్లు. నిజానికి ఇది ఇంకో మర్యాద. మన తరగతి గదుల్లో అందరి ముందు డౌట్ అడగడమంటే నవ్వులపాలవడానికి సిద్ధపడటం. క్లాసు అయ్యాక సార్ వెనకాలే నడుస్తూ వరండాలో అడుగుతారు. కోచింగ్ సెంటర్లలో డౌట్లకు విడిగా ఒక గంట ఉంటుంది. ఆ అలవాటుతో వచ్చినవాళ్లను ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో, వేలమంది చదివే చోట, ఎదుటివారిని పేరు పెట్టి పిలుస్తూ ప్రశ్న అడగమంటే నోరు పెగలదు. ఇలాంటి వాళ్లకు మొదట ఒక చిన్న గది అవసరమే.

ఆ గదిని బాగా కట్టినవాళ్లు పశ్చిమ బెంగాల్‌లో ఉన్నారు. దుర్గాపూర్ లినక్స్ యూజర్స్ గ్రూప్ 2008 నుంచి ఐఆర్‌సీ చాట్‌లో వేసవి శిక్షణ నడుపుతూ వచ్చింది. వీడియో లేదు, ఫీజు లేదు. అంతా టైపు చేయడమే. ప్రశ్న ఉంటే మొదట ఒక ఆశ్చర్యార్థకం టైపు చేసి తన వంతు వచ్చేదాకా ఆగాలి. కోడ్ కంటే ముందు సముదాయంలో ఎలా మాట్లాడాలి, ఉత్తరం ఎలా రాయాలి, ఉచిత సాఫ్ట్‌వేర్ చరిత్ర ఏమిటి అన్నవి చెబుతారు. పెద్ద ప్రాజెక్టుల డెవలపర్లు అతిథులుగా వచ్చి అదే గదిలో కూర్చుంటారు. పిల్లలు వాళ్లను నేరుగా అడుగుతారు. శిక్షణ ముగిసేసరికి వాళ్లు వెళ్లాల్సిన చోటు ఈ గది కాదని, బయటి ప్రాజెక్టులని మొదటి రోజు నుంచీ తెలుసు. యూట్యూబ్ పాఠానికీ దీనికీ తేడా అదే. పాఠం మీట ఎక్కడ నొక్కాలో చెబుతుంది. ఈ గది మీట అవతల మనిషి ఉన్నాడని చెబుతుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ, కేరళలోని స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ కూడా ఈ ప్రాంతంలో మాతృభాషలో అడిగే చోటును నిలబెట్టినవే.

భాషల సాఫ్ట్‌వేర్ విషయంలో గోడ కట్టడం మరీ ప్రమాదం. 2018 ఫిబ్రవరిలో తెలుగు ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక క్రమంలో కూర్చిన అక్షరం తెర మీదికి రాగానే ఐఫోన్లు కుప్పకూలడం అప్పట్లో వార్త. ఆపిల్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కాదు, దాన్ని ఇక్కడికి లాగడం కొంత అన్యాయమే. కానీ సంగతి వర్తిస్తుంది. ‘జ్ఞ’ కింద వత్తు ఎలా కూర్చోవాలో కంపోజింగ్ చేసే మనిషికి తెలిసినంత కాలిఫోర్నియా ఇంజనీరుకు తెలియదు. ఆ మనిషికి కోడ్ రాదు. ‘వాడకందారుల గది’లో అతను చెప్పిన మాట డెవలపర్ల గదికి చేరే దారి లేకపోతే, గదిలో ఉన్న అసలు నిపుణుణ్ని బిగినర్ అనుకుని బయట కూర్చోబెట్టినట్టు.

ఖాళీ అవుతున్న గది

ఈ చర్చంతా ఇప్పుడు మరో మలుపులో ఉంది. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో గదులు విడదీయకుండా ఓట్లతో, మూసివేతలతో ప్రశ్నలను వడపోసింది. కొత్తవాళ్లకు తమ సైటు అంత ఆదరంగా లేదని 2018లో ఆ సంస్థే రాసుకుంది. 2024లో ‘స్టేజింగ్ గ్రౌండ్’ తెచ్చింది. మొదటిసారి అడిగేవారి ప్రశ్నను బహిరంగం చేసేముందు అనుభవజ్ఞులు చూసి సరిదిద్దే చోటది. ఆలోచన మంచిదే, వచ్చిన కాలమే కలిసిరాలేదు. 2022 నవంబర్‌లో చాట్ జీపీటీ వచ్చాక ఆ సైటులో ప్రశ్నలే భారీగా పడిపోయాయి. లూప్ ఎందుకు ఆగడం లేదని అడిగే అమ్మాయి ఇప్పుడు యంత్రాన్ని అడుగుతోంది. అది విసుక్కోదు, ‘ముందు వెతికి చూశావా’ అనదు.

ఆమెకు అది లాభమే. కానీ లఖానీ, వాన్ హిప్పెల్ చూసిన ఆ 98 శాతం సంగతి? ఇతరుల ప్రశ్నలు చదువుతూ నేర్చుకునేవాళ్లకు చదవడానికి ప్రశ్నలే తగ్గుతున్నాయి. మరోపక్క డెవలపర్ల తలుపు దగ్గర రద్దీ తగ్గలేదు, రూపం మారింది. యంత్రం రాసిచ్చిన, పైకి చక్కగా కనిపించే, లోపల పస లేని భద్రతా నివేదికలతో విసిగిపోయామని కర్ల్ ప్రాజెక్టు వాళ్లు బహిరంగంగానే చెప్పుకున్నారు. రీడ్‌మీలో పేరు రాసి పంపితే మూసేయడానికి ఐదు సెకన్లు పడుతుంది. ఇలాంటి నివేదికలో పస లేదని తేల్చడానికి నిపుణుడికి గంటలు పడుతుంది. పంపినవాడు కొత్తవాడో పాతవాడో పేరు చూసి చెప్పే వీలు కూడా లేదు.

ఎక్స్‌ప్రెస్‌కు పేర్లు పంపిన విద్యార్థుల అర్జీలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. పేరు చేర్చి పుల్ రిక్వెస్ట్ పంపడం సాధన చేయడానికే గిట్‌హబ్‌లో ‘ఫస్ట్ కాంట్రిబ్యూషన్స్’ అనే రిపాజిటరీ ఏళ్లుగా ఉంది. అక్కడ ఎవరు ఏ పేరు రాసినా కలుపుకుంటారు. వీడియోలో దాన్ని చూపించి ఉంటే ఎక్స్‌ప్రెస్ వాలంటీర్లకు కొన్ని సాయంత్రాలు మిగిలేవి. అయితే అక్కడ చేరేది పేరొక్కటే. పేరు చేర్చిన మర్నాడు ఆ విద్యార్థి ఎక్కడికి వెళ్లాలో చెప్పాల్సిన మనిషి మళ్లీ ఎక్స్‌ప్రెస్ లాంటి ప్రాజెక్టులోనే ఉండాలి.